ఆదుకునే వీధి

ఇస్త్రీ బాబాయ్ నోరు మూయించాలంటే చొక్కా కాలరు ఒక్కటే దారి. కాలరు మీద పెట్టె నడిపేటప్పుడు ఆయన ఒక్క మాట మాట్లాడడు. నాలుక కొన పళ్ళ మధ్య పెట్టుకుని, ఆ చివర నుంచి సగం దాకా, ఈ చివర నుంచి సగం దాకా లాగి, మధ్యలో ముడత పడిందేమోనని వేలితో తడిమి చూసుకుంటాడు. కాలరు అయిపోయిందా, ఇక వీధిలో ఎవరికీ మోక్షం లేదు.

"కండక్టరుగారూ, ఈ చొక్కా పొట్ట దగ్గర మళ్ళీ బిగిసిందేంటండీ? నేను ఇస్త్రీ చెయ్యాలా, సాగదియ్యాలా?"

బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఎదురింటి అరుగు మీద నుంచి వేలు చూపించి బెదిరించాడు. "నీ పెట్టెలో బొగ్గులు ఆరిపోతాయేమో గానీ నీ నోరు ఆరదు కదా బాబాయ్!"

ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తారు. పక్క గదిలో మిషను కుట్టే టైలరమ్మ, పెడలు మీద కాలు ఆపకుండానే నవ్వింది. ఆ వీధి పొద్దున్నే నిద్ర లేచేది ఈ నవ్వులతోనే.

బాబాయ్ బల్ల మేడ మెట్ల కింద ఉంటుంది. బల్లకి సరిగ్గా పైన ఒక కిటికీ. కిటికీ పక్కన మంచం మీద ఆయన అక్క. నడుము కింద భాగం చచ్చుబడిపోయింది. మేడ మీద నీళ్ళ ట్యాంకు ఉందని వీధికి ఎలా తెలుసో, ఆవిడ ఉందని కూడా అలాగే తెలుసు. ఉంది, అంతే. ట్యాంకు చూడటానికి ఎవరు మెట్లెక్కుతారు?

రోజు విడిచి రోజు మునిసిపాలిటీ నుంచి నర్సమ్మ వస్తుంది. ఒళ్ళు కడిగి, బట్టలు మార్చి, వీపు కింద పడిన పుండుకి కట్టు కట్టి, ఈ పక్క నుంచి ఆ పక్కకి తిప్పి వెళ్తుంది. వంట చెయ్యడం, అన్నం తినిపించడం, జడ వెయ్యడం, అన్నీ బాబాయే. ఒళ్ళు కడగడం మాత్రం అక్క ఒప్పుకోదు. "తమ్ముడి చేత కడిగించుకునే రోజొస్తే నన్ను ఆ కిటికీలోంచి కిందికి తోసెయ్‌రా" అని ఒకసారి అంది. నవ్వుతూ అనలేదు.

సాయంత్రం బొగ్గులు ఆర్పి పైకెళ్ళాక ఆయన రెండో ఉద్యోగం మొదలవుతుంది. మంచం పక్కన పీట వేసుకుని వీధి కబుర్లన్నీ వినిపిస్తాడు. ఒక్కొక్కళ్ళ గొంతు ఒక్కొక్కలా పెట్టి.

"కండక్టరు అడిగాడక్కా నిన్ను. 'అక్కగారికి వెన్ను నొప్పి తగ్గిందా, రైట్ రైట్' అన్నాడు."

"పాపం, మంచి మనిషి. నువ్వేమన్నావు?"

"తగ్గిందన్నా. టైలరమ్మ అయితే, నీకు చేతులు లేని గౌను కుడతానంటోంది. వేసవి వస్తోందిగా అని."

"వద్దని చెప్పు, ఎందుకు శ్రమ," అనేది అక్క. మొహం మాత్రం అప్పుడే తలంటుకున్నట్టు వెలిగేది.

అడిగినవాళ్ళు ఎవరూ లేరు. వీధి చప్పుళ్ళలో నవ్వులు కిటికీ దాకా వస్తాయి గానీ మాటలు రావు. ఆ నవ్వులకి మాటలు అతికించి పైకి మోసుకెళ్ళేది బాబాయే.

సోమవారం నాడు ఒక అమ్మాయి వచ్చింది. భుజానికి సంచి, చేతిలో ట్యాబ్, మెడలో గుర్తింపు కార్డు. ఎండకి మొహమంతా ఎర్రబడిపోయి ఉంది.

"లెక్కల ఆఫీసు నుంచి వచ్చానండీ. వీధుల్లో జనం ఒకళ్ళకొకళ్ళు ఎంత ఆసరాగా ఉంటున్నారో కొలుస్తున్నాం."

బాబాయ్ పెట్టెని స్టాండు మీద పెట్టాడు. "దేంతో కొలుస్తారమ్మా? టైలరమ్మ టేపు ఇప్పించమంటావా?"

"ప్రశ్నలతో అండీ," అంది అమ్మాయి నవ్వాపుకుంటూ. "ఇంటికి ఒకళ్ళు జవాబు చెప్తే చాలు. వీధికి మార్కులు వస్తాయి."

మార్కులనేసరికి కండక్టరు అరుగు దిగి వచ్చాడు. "వెనక వీధికెన్ని వచ్చాయి?"

"అది చెప్పకూడదండీ."

"తక్కువేలే. వాళ్ళ మొహం చూస్తేనే తెలుస్తోంది."

మొదటి ప్రశ్నలు తేలిగ్గానే గడిచాయి. ఊరెళ్తే పక్కింట్లో తాళం ఇచ్చి వెళ్తారా అంటే ఇస్తామన్నారు. పర్సు పోతే తిరిగొస్తుందా అంటే, పర్సులో ఏమీ ఉండదు గనక తప్పకుండా వస్తుందన్నాడు కండక్టరు. ఆ తర్వాత ప్రశ్న దగ్గర బండి ఆగింది.

"గత నెల రోజుల్లో మీ పొరుగున ఎవరికి సాయం చేశారు? ఏం సాయం చేశారు?"

కండక్టరు బుర్ర గోక్కున్నాడు. టైలరమ్మ దారం కొరికి సూది వైపు చూసింది. చెడ్డవాళ్ళేం కాదు. అడిగితే చేసేవాళ్ళే. కానీ ఎవరూ అడగలేదు, ఎవరూ చెయ్యలేదు. తీరా ఒక పరాయి అమ్మాయి వీధిలోకొచ్చి అడిగేసరికి, చుట్టం ముందు ఖాళీ కుండ బయటపడినట్టయింది వాళ్ళకి.

అమ్మాయి మంచినీళ్ళు తాగడానికి పంపు దాకా వెళ్ళింది. బాబాయ్ ఊరుకుంటాడా? కన్ను గీటి, గొంతు తగ్గించి అన్నాడు: "ఏం తోచకపోతే మా అక్క ఉందిగా. పైన ఊరికేగా పడుకునుంది. తలా కాస్త వాడుకోండి."

అందరూ గొల్లుమని నవ్వారు. నవ్వి, వాడుకున్నారు. అమ్మాయి తిరిగి రాగానే, రోజూ పొద్దున పైకెళ్ళి పేపరు చదివి వినిపిస్తున్నానన్నాడు కండక్టరు. టైలరమ్మ కాస్త సిగ్గుపడుతూనే తల దువ్వుతున్నానంది. మూల ఇంటివాళ్ళు పాలు ఇస్తున్నామన్నారు, ఆ పక్కవాళ్ళు దుప్పట్లు ఉతుకుతున్నామన్నారు. ఒక పెద్దాయనైతే రాత్రిళ్ళు కాపలా పడుకుంటున్నానని కూడా చెప్పాడు. అమ్మాయి వేలు ట్యాబ్ మీద చకచకా నడుస్తుంటే, బాబాయ్ నవ్వు బయటికి రాకుండా దుప్పటి మడతలో మొహం పెట్టుకున్నాడు.

చివరికి ఆయన వంతు వచ్చింది. "మీకు ఆపద వస్తే పరిగెత్తుకొచ్చేవాళ్ళు ఎంతమంది ఉన్నారు?"

వీధంతా ఆయన వైపే చూస్తోంది. "నీ మిషన్‌లో పట్టరమ్మా," అన్నాడు బాబాయ్. "వీధంతా అని రాసుకో."

అమ్మాయి పైకి కూడా వెళ్ళింది. గుమ్మం బయట నిలబడి విన్నాడు బాబాయ్.

"మిమ్మల్ని పట్టించుకునేవాళ్ళు ఉన్నారా అమ్మా ఈ వీధిలో?"

"ఎందుకు లేరమ్మా!" అక్క గొంతులో గర్వం. "నన్ను అడగని రోజే లేదు. మా వాణ్ణి అడుగు కావాలంటే."

మరుసటి వారం నర్సమ్మ కట్టు కట్టి, చేతులు కడుక్కుని, మెట్లు దిగి వచ్చి బల్ల దగ్గర నిలబడింది.

"ఇదే ఆఖరు బాబాయ్. ఇంక నేను రాను."

"ఏం, పెళ్ళి కుదిరిందా?" ఆవిడకి కాలేజీకెళ్ళే కొడుకున్నాడు.

"వేళాకోళం కాదు. మీ వీధికి ఊరు మొత్తం మీద ఎక్కువ మార్కులు వచ్చాయట. 'ఆదుకునే వీధి' అని పేరు పెట్టారు. అలాంటి వీధుల్లో నర్సుల్ని తీసేసి ఒంటరి వీధులకి వేస్తున్నారు. అందులోనూ మీ అక్కగారికి వచ్చినంత సాయం ఈ ఊళ్ళో ఇంకెవరికీ రావట్లేదని లెక్క తేలిందట. నిజమేనా?"

తను ఇన్నాళ్ళూ ఆట పట్టించినందుకు నర్సమ్మ ఇవాళ తిరిగి ఆట పట్టిస్తోందనుకున్నాడు బాబాయ్. పడీ పడీ నవ్వాడు. ఆవిడ నవ్వకపోయేసరికి ఆయన నవ్వు కూడా కాసేపటికి దిక్కు తోచక ఆగిపోయింది.

రెండు రోజులకి వీధి మొదట్లో స్తంభానికి ఒక రేకు బోర్డు బిగించారు. 'ఆదుకునే వీధి'. కండక్టరు కుర్చీ తెచ్చుకుని ఎక్కి, తన తువ్వాలుతో బోర్డు తుడిచాడు. వెనక వీధివాళ్ళు అటుగా వెళ్తుంటే మళ్ళీ తుడిచాడు.

పైన అక్క ఒళ్ళు తాకనివ్వలేదు. "నర్సమ్మకి ఏదో పనిపడి ఉంటుంది, వస్తుందిలే," అంది. బాబాయ్ అసలు సంగతి చెప్పలేదు. వేడినీళ్ళ బకెట్టు మంచం పక్కన పెడితే చల్లారే దాకా అలాగే ఉంచింది. బట్ట తడిపి చేతికిచ్చి గది బయట నిలబడేవాడు. చెయ్యి అందినంత మేర తుడుచుకునేది. వీపు అందదు. ఆ పుండు వాసన ఆయనకి గుమ్మం దగ్గరే తెలిసిపోతోంది, తడిసి మాగిన నూలు బట్ట వాసనలాగే.

అడగాలి. టైలరమ్మని అడిగితే చాలు. ఆవిడ చేతులు చురుకు, మనసూ మెత్తనే. కానీ బాబాయ్‌కి ఉన్నది ఒకటే గొంతు.

"ఏం టైలరమ్మా, మా అక్క తల దువ్వడానికి రావట్లేదేంటి? ఆ అమ్మాయికి చెప్పావుగా!"

"అబ్బ, నీతో పెట్టుకుంటే అంతే బాబాయ్," అని ఆవిడ నవ్వి పెడలు తొక్కింది.

"నిజంగానే అంటున్నా. వీపు కూడా కాస్త రుద్దాలి."

"మా ఆయన వీపు కూడా రుద్దుతావా మరి బదులుకి?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. అలవాటు కొద్దీ బాబాయ్ కూడా వాళ్ళతో పాటు నవ్వాడు. నవ్వాక ఇంక అడగడానికి ఏం మిగల్లేదు.

మర్నాడు పెట్టె వెలిగించకుండా లెక్కల ఆఫీసుకెళ్ళాడు. ఆ అమ్మాయి పెద్ద హాల్లో ఒక మూల కూర్చుని ఉంది. ఆయన చెప్పిందంతా విని మొదట నమ్మలేదు.

"మీ అక్కగారే స్వయంగా చెప్పారు కదండీ, అందరూ అడుగుతారని."

"అవి నేను చెప్పిన కబుర్లమ్మా."

అమ్మాయి పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. "ఇక్కడ కూర్చుని నేను మార్చలేను. మళ్ళీ వీధిలోకొచ్చి అందరి ముందే అడగాలి, అదే పద్ధతి. మీరు వాళ్ళ ఎదురుగా చెప్పాలి, వాళ్ళు చెప్పింది నిజం కాదని."

"గట్టిగా చెప్పాలా?"

"నాకు వినపడితే చాలండీ."

వచ్చింది. వీధి మళ్ళీ బల్ల చుట్టూ మూగింది, ఇంకేదో బహుమానం ఇస్తారనుకుని. కండక్టరు ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. అమ్మాయి మళ్ళీ అడుగుతుంటే, ఆయన రోజూ చదివే పేపరు గురించి ఇంకో నాలుగు మాటలు కలిపి చెప్పాడు.

బాబాయ్ చేస్తున్న చొక్కా మడిచి పక్కన పెట్టాడు. "కండక్టరుగారూ, మా గదిలో మంచం ఏ గోడకుందండీ?"

కండక్టరు నవ్వాడు. "అదేం ప్రశ్నయ్యా?"

"చెప్పండి. రోజూ వస్తారుగా."

నవ్వు పల్చబడింది. "అమ్మాయ్, ఈయన మాటలు పట్టించుకోకు. పొద్దున లేస్తే ఎవర్నో ఒకర్ని ఏడిపించందే ఈయనకి తిండి సయించదు."

"నేను ఏడిపించట్లేదు."

"ఇదుగో, ఇలాగే అంటాడు!" మళ్ళీ నవ్వులు. అమ్మాయి కూడా అయోమయంగా ఆయన మొహం చూసింది, ఎక్కడన్నా నవ్వు దాచాడేమోనని.

ఎప్పుడూ పెరగని బాబాయ్ గొంతు అప్పుడు పెరిగింది. "ఎవరూ రారమ్మా! ఒక్కళ్ళు, ఒక్కసారి కూడా ఈ మెట్లెక్కలేదు. బతికుందా పోయిందా అని అడిగిన నాథుడు లేడు. నర్సమ్మ రాకపోతే మా అక్క కుళ్ళిపోతుంది, రాసుకో!"

టైలరమ్మ మిషను ఆగిపోయి ఉంది. పంపు దగ్గర కూడా ఎవరూ లేరు. అంత నిశ్శబ్దంలో ఆ మాటలు ఎక్కడిదాకా వెళ్ళాయో బాబాయ్‌కి తలెత్తకుండానే తెలిసిపోయింది.

కండక్టరు మొహం మాడిపోయింది. బల్ల మీదున్న తన చొక్కాలు, ఇస్త్రీ అయినవీ కానివీ కలిపి చంకన పెట్టుకుని, "వీధి పరువు తీశావు కదయ్యా," అని వెళ్ళిపోయాడు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఎవరి బట్టలు వాళ్ళు తీసుకున్నారు. సాయంత్రానికి బల్ల మీద దుప్పటి తప్ప ఏమీ లేదు.

ఆ సాయంత్రం బాబాయ్ పీట వేసుకుని కూర్చున్నాడు. అక్కే అడిగింది.

"కండక్టరు నన్ను అడిగేవాడన్నావు."

"లేదక్కా."

"మిషనావిడ? గౌను కుడతానంది?"

"లేదు."

"నాకు జ్వరమొచ్చినప్పుడు వీధంతా కంగారు పడిందన్నావు కదరా. మూల ఇంటావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుందన్నావు."

బాబాయ్ పీట అంచుని గోటితో గీకుతున్నాడు. అక్క పైకప్పు వైపు చూసింది.

"బాగా చెప్పేవాడివిరా. ఆవిడ ఎక్కిళ్ళు కూడా పెట్టి చూపించావు." మొహం కిటికీ వైపు తిప్పుకుంది. "ఇంకెప్పుడూ చెప్పకు."

మర్నాడు మధ్యాహ్నం మెట్ల మీద అడుగుల చప్పుడైంది. టైలరమ్మ. ఒక చేత్తో పొగలు కక్కే నీళ్ళ బకెట్టు, భుజం మీద ఉతికిన తువ్వాలు. ఎక్కే అలవాటు లేని మెట్లు కాబట్టి గుమ్మం దగ్గర ఆగి ఆయాసపడింది.

"అక్కగారూ, స్నానం చేయించనా?"

అక్క ఆవిడ్ని కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, పెదవి ఒక పక్కకి వంచింది.

"బాగానే కష్టపడ్డావురా. ఈసారి మనిషినే తెచ్చావు. ఎంతిచ్చాడమ్మా నీకు?"

"అయ్యో, ఏమీ ఇవ్వలేదండీ. నేనే వచ్చాను."

"అలా చెప్పమన్నాడా?"

టైలరమ్మ మొహం ఎర్రబడింది. ఒక్క క్షణం బకెట్టు తీసుకుని దిగిపోతుందనుకున్నాడు బాబాయ్. దిగలేదు. కింద పెట్టి, జాకెట్టు చేతులు మోచేతుల పైదాకా మడిచి, "బాబాయ్, నువ్వు బయటికెళ్ళు," అంది.

మెట్ల మీద కూర్చుని నీళ్ళ చప్పుడు విన్నాడు. మాటలేమీ వినపడలేదు. బయటికొచ్చాక టైలరమ్మ కళ్ళు తుడుచుకోలేదు గానీ, తుడుచుకోవాల్సిన పరిస్థితిలోనే ఉన్నాయి.

"వీపు అలా ఉందని చెప్పొచ్చు కదయ్యా!"

"చెప్పాగా."

"నువ్వు ఎప్పుడు నిజం చెప్తావో, ఎప్పుడు ఆట పట్టిస్తావో మాకేం తెలుసు?" ఖాళీ బకెట్టు చంకనెత్తుకుంది. "రేపొస్తా."

అన్నట్టుగానే వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. మొదటి రోజు గట్టిగా కళ్ళు మూసుకుని ఉన్న అక్క, రెండో రోజు నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయంది. మూడో రోజు టైలరమ్మ తన అత్తగారి గురించి ఏదో చెప్తుంటే, తలుపవతల కూర్చున్న బాబాయ్‌కి అక్క నవ్వు వినిపించింది. తను పుట్టించని నవ్వు. ఎవరి గొంతూ పెట్టకుండా, ఎవరి పేరూ వాడుకోకుండా వచ్చిన నవ్వు. మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఆయన దాన్ని చివరిదాకా విన్నాడు.

తర్వాత రోజు నర్సమ్మ వచ్చింది. వస్తూనే చెప్పింది: మార్కులు మార్చారు, ఇది ఇప్పుడు ఒంటరి వీధి, బోర్డు సాయంత్రం విప్పేస్తారు. పైకెళ్ళి కట్టు విప్పి చూసి, మళ్ళీ మెట్ల దాకా వచ్చి గొంతు తగ్గించింది.

"పుండు లోపలికి దిగింది బాబాయ్. రోజూ మందు పెట్టి శుభ్రం చెయ్యాలి, నేనే చెయ్యాలి. ఇంకో మాట. ఎవరో శుభ్రంగా స్నానం చేయించారు, ఎవరు?"

"టైలరమ్మ."

"లెక్కల వాళ్ళు నెల తిరక్కుండా మళ్ళీ వస్తారు. ఎవరో ఒకళ్ళు వస్తున్నారని తేలిందంటే నన్ను మళ్ళీ తీసేస్తారు. అప్పుడు నేను చెప్పినా వినరు. నీ ఇష్టం."

ఆవిడ లోపలికెళ్ళింది. బాబాయ్ మెట్లు దిగాడు. కిందికొచ్చేసరికి టైలరమ్మ బకెట్టుతో మొదటి మెట్టు మీద కాలు పెడుతోంది. తువ్వాలు కింద ఏదో కొత్త బట్ట కూడా మడిచి పెట్టుకుంది.

"టైలరమ్మా, ఇంక రావద్దమ్మా."

"ఏం?"

"నర్సమ్మ వచ్చింది."

"రానీ. ఆవిడ పని ఆవిడది, నేను కాసేపు కూర్చుని పోతా."

"వద్దు. నువ్వొస్తున్నావని తెలిస్తే ఆవిణ్ణి తీసేస్తారట."

టైలరమ్మ ఆయన మొహం వెతికింది, నవ్వు కోసం. ఇన్నేళ్ళలో మొదటిసారి, అక్కడ నవ్వు ఉంటే బావుణ్ణని వెతికింది.

"ఇది కూడా ఆటేనా బాబాయ్?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆవిడ బకెట్టు దించి, నీళ్ళు కాలవలోకి వంచేసింది. పొగలు కక్కుతూ వెళ్ళిపోయాయి. కాసేపటికి మిషను చప్పుడు మొదలైంది, మునుపటికంటే వేగంగా.

పైకెళ్ళేసరికి అక్క గుమ్మం వైపే చూస్తోంది. ఆయన వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని మెడ కొంచెం పైకెత్తింది.

"ఏరా, ఆవిడ రాలేదేం ఇవాళ?"

"వచ్చిందక్కా," అన్నాడు బాబాయ్. "నీళ్ళు కూడా తెచ్చింది. నేనే వద్దని పంపించేశా."

అక్క మెడ మెల్లగా దిండు మీదికి వాలింది. చాలాసేపు తమ్ముణ్ణి చూసింది. కోపంగా కాదు. చిన్నప్పుడు దొంగతనంగా బెల్లం తిని మూతి తుడుచుకోకుండా వచ్చినప్పుడు చూసినట్టు చూసింది.

"రాలేదని చెప్తే ఏమవుతుందిరా నీకు?" అంది. "ఇంక చెప్పొద్దన్నానా."

బాబాయ్ నోరు తెరిచాడు. ఏ గొంతు పెట్టాలో తెలియలేదు.

"బాబాయ్, బయటికెళ్ళు," అంది నర్సమ్మ చేతికి తొడుగు ఎక్కించుకుంటూ. "కట్టు విప్పి ఉంది."

ఆయన బయటికొచ్చి తలుపు దగ్గరికి లాక్కున్నాడు.